ముక్కకూ ముక్కకూ నడుమ

మూసీ నీళ్లు ఎంజీబీఎస్ బస్టాండు ప్లాట్‌ఫారాల మీదికెక్కి, ఊళ్లకు పోవాల్సిన జనం తాళ్లు పట్టుకొని బయటపడ్డ ఏడు అది. ఆ నీళ్లు తీసి వారం కాలేదు, నాచారంలో తవ్విన చోటల్లా ఇంకా ఊట ఊరుతూనే ఉంది. సద్దుల బతుకమ్మ నాడు, పొద్దు నడినెత్తి నుంచి పడమటికి జారిన వేళ, శాంసన్ తన ఇంటి ముందుగదిలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకొని, ఫ్రీజర్ డబ్బాలో పడుకున్న భార్య దానమ్మ ముఖం మీది అద్దాన్ని తువ్వాలతో తుడుస్తున్నాడు. తుడిస్తే మళ్లీ చెమ్మ పడుతోంది. బిడ్డ ఎప్పుడు పిలుస్తుందో తెలియదు. పిలిచిన గడియలో అద్దం మసకగా ఉండకూడదు. లోకంలో ఆయనకు మిగిలిన పని ఇప్పుడు ఆ ఒక్కటే.

బిడ్డ కీర్తన దక్షిణ ధ్రువంలో ఉంది. పై ఆకాశం గురించి చదువుకొని, పోయిన ఏడు చలికాలానికి ముందు ఓడ దిగి అక్కడి మన దేశపు స్టేషన్‌లో కాలుపెట్టింది. గడ్డకట్టిన సముద్రం విడిస్తే గాని ఓడ రాదు, విమానం దిగదు. ఆదివారం పొద్దున గుడికి పోదామని చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ దానమ్మ మంచంపట్టె పట్టుకొని కూలబడి, ఆటో గల్లీ మలుపు తిరగకముందే పోయిందన్న మాట ఆ పిల్లకు చేరడానికే ఒక పూట పట్టింది. రాలేదు. రాలేనని దానికి తెలుసు. అందుకే ఒక్కటే అడిగింది. దానమ్మ చెల్లెలు దోర్కా కొడుకు రంజిత్ ఫోన్‌లో ఆ మాట పడితే, వాడు పొద్దున ఇంటి ముందు షామియానా కింద అందరి ముందూ చదివి వినిపించాడు. నాయినకు చెప్పు రంజిత్, సూర్యుడి మీద పేలుడైంది, ఆ తుఫాను మాకు తగిలింది, పైన ముక్కలు ముక్కలుగ పోతున్నయి, ముక్క మా నెత్తి మీదికొస్తే లైను తెగుతది, ముక్కకూ ముక్కకూ నడుమ సందు దొరుకుతది, ఆ సందుల చేస్త, అమ్మ మొఖం చూసేదాక పెట్టె మూయకున్రి. అంతే. చదివి వాడు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. దోర్కా ఏడుపులో రాగం తీసింది, తల్లేమో మంచు డబ్బల, బిడ్డేమో మంచు కొండల, నడుమ నేనేం జేతు నా అక్కా అని.

ఫోటో తీసి పంపితే అయిపోదా అని పక్కింటాయన అన్నాడు. అందరూ అదే అన్నారు. చెప్పడం మొదలుపెడితే శాంసన్ ఎక్కడినుంచి మొదలుపెట్టాలి, జనగామ దిక్కు దానమ్మ పుట్టిన పెంకుటింట్లో తలుపు మీద వేలాడిన ఫోటో నుంచా. దానమ్మ తండ్రికి బతికుండగా ఒక్క ఫోటో లేదు. పోయినంక పట్నం నుంచి ఫోటో ఆయనను పిలిపించి, శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి తువ్వాలతో కట్టి, చుట్టూ పిల్లలను నిలబెట్టి తీయించారు. ముక్కులో దూది. తల ఒక పక్కకు వాలి ఉంది. ఆ ఫోటోకు ఎదురుగా కూర్చొనే దానమ్మ తన చిన్నతనమంతా అన్నం తిన్నది. బతికున్నప్పటి తండ్రి ముఖం ఎంత గుర్తు చేసుకున్నా రాదు, ఆ దూది ముక్కే వస్తుంది అనేది. నా ఫోటో దీసినోని చెయ్యిరగ, నా బిడ్డ నన్ను గట్ల యాది జేసుకోవద్దు అని ఎన్నిసార్లు చెప్పి ఉంటుంది. ఆ మాట దాటడం ఎవరి వల్లా కాదు. మరి ఈ వీడియో సంగతి ఏమిటని దోర్కా పొద్దున పాస్టరు విజయ్ కుమార్ అయ్యగారిని అడిగింది. "ఫోటో గాదు గదా అయ్యగారూ, కిటికీల నుంచి తొంగి సూసినట్టే గదా, సూసినంక పోతది." అయ్యగారు ఆలోచించి, చూపుకు తప్పు లేదమ్మా అన్నాడు. ఆ చూపు కోసమే ఇంత సేపు.

అద్దం తుడిచాడు. గాజంటే ఆయన చేతికి తెలుసు. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో షెడ్డు కింద జీవితమంతా నియాన్ బోర్డుల పని, మంట మీద గాజు గొట్టం తిప్పి తిప్పి మెత్తబడ్డాక అక్షరం మలచాలి, మలిచే చోట గొట్టం నలిగిపోకుండా రబ్బరు పైపు పళ్ల మధ్య పెట్టుకొని ఊపిరి ఊదుతూనే ఉండాలి. నోట్లో పైపు ఉన్నవాడు ఏం మాట్లాడతాడు. పెళ్లయిన కొత్తలో దానమ్మ సద్ది పట్టుకొచ్చి, గొట్టం నోట్ల వెట్టుకొని ఇంటికొచ్చినవా ఏంది, ఇంట్ల గూడ మాట రాదు అనేది. ఎల్ఈడీలు వచ్చి షెడ్డు మూతపడ్డాక కూడా మాట రాలేదు. నోటికి అలవాటు తప్పింది. ఆమే ఇద్దరి మాటలూ మాట్లాడేది, ఉప్మా ఎట్లుంది, మంచిగుంది గదా, ఆఁ మంచిగనే ఉంటది, ఉప్పు జర తక్కువైంది అంటవు గదా, అన్కో. ఈ మూడు రోజులుగా ఇంట్లో ఎవరి మాటలూ లేవు. ఫ్రీజర్ గురగుర ఒక్కటే. కరెంటు పోతే ఏం గతి. పోదులే. పోతే ఐసు గడ్డలు తెస్తానని రంజిత్ అన్నాడు.

కీర్తన చిన్నప్పుడు షెడ్డుకు వచ్చి ఆ గొట్టాల ముందు గొంతుక్కూర్చునేది. గాలి పూర్తిగా లాగని గొట్టంలో వెలుగు నిలకడగా ఉండదు, పామువలె మెలికలు తిరుగుతుంది, పూసల్లాగా తెగుతుంది, తెగిన పూసలు ఒకదాని వెనక ఒకటి జారుతుంటాయి. అదేంది నాయినా అని అడిగేది. ఆయన భుజం ఎగరేసేవాడు. పోయే ముందు, సామాన్లు కట్టే రోజున, వంటింటి గడపలో కూర్చొని అదే పిల్ల ఆయనకు చెప్పింది, నీ గొట్టంల ఉన్నదే పైన గూడ ఉంది నాయినా, గాజు లేదంతే. ఎండ కొట్టి కొట్టి పైగాలి చీలి కరెంటు పట్టిన పొగైతది. దానమ్మ అప్పుడు బియ్యం కడుగుతోంది, కడుగు నీళ్లు బండ మీద వంపితే తెల్లగా నాలుకలా సాగాయి. గిదే అమ్మా, గిట్లనే, అని పిల్ల లేచి నిలబడి చూపించింది, తుఫానొస్తే ఎండ దిక్కునుంచి ఆ పొగ నాలుకలాగ సాగి ధ్రువం మీదుగ చీకటి దిక్కుకు పోతది, పొయ్యేటప్పుడు తెగుతది, తెగిన ముక్క ఒక్కొక్కటి మన తెలంగాణ అంత ఉంటది. తడికాలు అడ్డం పెట్టి కడుగు నీళ్లను తెంపింది. తెల్ల ముక్కలు విడివిడిగా మోరీ వైపు జారాయి. వెనకంచు ముందు చిరుగుతది సూడు, పీచులు పీచులు, ఆ పీచుల నుంచి వచ్చే సిగ్నలు మినుకుమినుకుమంటది, ఎట్ల తెగుతది, ఎందుకు చిరుగుతది, అదే నా పని. దానమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకొని, నా బండ మీద జారిపడితే నీ నడుం గూడ ముక్కలైతది, కడుగు మోరీల పోసేటందుకు అంత దూరం పోవాల్నా బిడ్డా అన్నది. ముగ్గురూ నవ్వారు. శాంసన్ కూడా నవ్వాడు, ఆ రోజు.

ఇప్పుడు ఆ ముక్కలు దాని నెత్తి మీదనే పోతున్నాయి. పగలు కనబడవట. ఏమీ లేనట్టే నీలంగా ఉంటుందట ఆకాశం. ఆయన గుమ్మంలోంచి తన ఆకాశం చూశాడు. తడి మబ్బు, కరెంటు తీగలు, షామియానా అంచు. గొట్టంలో పాము తిరిగితే మళ్లీ పంపు పెట్టి, మళ్లీ కాల్చి, శుభ్రమైన గ్యాసు నింపితే నిలిచేది. చేతిలో పని ఉండేది. తెలంగాణ అంత ముక్కను ఏ చేత్తో పట్టాలి. గాజు లేని దానికి అంచు ఎక్కడ, మూత ఎక్కడ. తండ్రీ, నువ్వే పట్టు, ఒక్క ఘడియ పట్టు, అని అనుకున్నాడు, అది ప్రార్థన అవునో కాదో ఆయనకు తెలియదు, ప్రార్థన కూడా దానమ్మే చేసేది, ఈయన ఆమేన్ అనేవాడు.

బతుకమ్మ డప్పు ఎక్కడో వెనక గల్లీలో మోగుతోంది. ఈ గల్లీ ఆడవాళ్లు ఇంటి ముందు శవం ఉందని పూలు అటు మోసుకుపోయారు. పోతూ పోతూ ఎదురింటి శాంతాబాయి తంగేడు పూలు రెండు దానమ్మ కాళ్ల దగ్గర పెట్టింది.

ఫోన్ మోగింది. రంజిత్ ఉరికి వచ్చి డబ్బా మీదికి వంగాడు, పెద్దనాయినా జర జరుగు, తల అడ్డమొస్తుంది. తెర మీద నీలం గళ్లు, బూడిద గళ్లు, గళ్ల మధ్య ఒక ఎర్ర టోపీ లాంటిది, గొంతు ముక్కలుగా వచ్చింది, నాయి, అమ్మ, కనబ, మళ్లీ అమ్మ. రంజిత్ గట్టిగా అరుస్తున్నాడు, అక్కా కనబడుతుందా, అక్కా, అక్కా. టోపీ ఒక పక్కకు సాగి, తెగి, ఆగిపోయింది. వాడు ఫోన్ అట్లనే పట్టుకొని ఉన్నాడు చాలా సేపు, దానమ్మ ముఖానికి ఎదురుగా, చచ్చిన తెరను. తర్వాత వాడే, ముక్క వచ్చినట్టుంది అన్నాడు. ముక్క. దానమ్మకు ఆ మాట వినబడి ఉంటే ఏమనేదో.

దాని వెనకే ఇంకో ఫోన్. సమాధుల తోట నుంచి బిక్షపతి. షెడ్డులో కలిసి పనిచేసినవాడు, గుంత తవ్వే వాళ్ల పక్కన పొద్దుటి నుంచి గొడుగు పట్టుకొని నిలబడ్డవాడు. వాడి గొంతు ఫోన్‌లోంచి గదంతా వినబడింది. "అన్నకు చెప్పురా, గుంతల నీళ్లూరుతున్నయి. మోకాళ్ల దాక వచ్చినయి. బక్కెట్లతోని తోడుతున్నం, తోడినకొద్ది వస్తున్నయి. గోడ గిట్ల గూలితే మళ్ల తవ్వేటోడు లేడు, ఇయ్యాల పండుగ, సగం మంది ఇప్పటికే తాగి పన్నరు. మోటరు తెస్తవా, దునికి నన్నే తోడమంటవా?" రంజిత్ ఫోన్ శాంసన్ చేతిలో పెట్టాడు. "పెద్దనాయినా, నేను మోటరు దీస్కపోత. అక్క చేస్తే ఈ పచ్చ గుండ్రం పైకి జరుపు. అంతే. వేరే ఏం ముట్టకు." బండి స్టార్ట్ చేసి పోయాడు.

ఫోన్ వెచ్చగా ఉంది. అంత నున్నటి గాజు ఆయన ఎప్పుడూ పట్టుకోలేదు. ఆయన ఫోన్ బటన్లది, రెండు మాటలు విని ఆఁ అని పెట్టేసేది. అయ్యగారు గుమ్మం దగ్గర నిలబడి గడియారం చూసుకొని షామియానా కిందికి పోయాడు, మంచివాడు. దోర్కా, మిగతా ఆడవాళ్లు లోపల చాయ్ పొయ్యి దగ్గరున్నారు. పెట్టె గోడకు ఆనించి ఉంది, కొత్త చెక్క వాసన, లోపల తెల్లగుడ్డ అంచు కుట్టు వదిలి ఉంది, దానమ్మ చూస్తే సూది తెమ్మనేది. అద్దం తుడిచాడు. ముఖం చూశాడు. ఎంతకని చూస్తాడు. చూసి చూసి అది ముఖం కాకుండా పోతోంది, గాజులో చల్లబడ్డ వెలుగు లాగా, రా బిడ్డా, తొందరగా రా, నాకు కూడా పోతోంది ఇది, నువ్వు చూస్తే ఇద్దరిలో ఒకరికైనా ఉంటుంది, ముక్క పోయి ఉంటుంది ఈపాటికి, పోయిందా, కడుగు నీళ్లు మోరీలోకి జారినంత సేపు ఎంత, ఆ బండ ఎంత వాలు, నువ్వున్న చోట వాలు ఎటు.

మోగింది. పచ్చ గుండ్రం జరిపాడు. నాయినా, అని గొంతు. ఎంత తేటగా వచ్చిందంటే పక్కగదిలోంచి పిలిచినట్టు. నాయినా. అంతే, ఆయన చెయ్యి తనంతట తానే లేచి ఫోన్ చెవికి పెట్టుకుంది. జీవితమంతా ఫోన్ పెట్టుకున్న చోటే పెట్టుకుంది. బిడ్డా, అన్నాడు. అవతల గొంతు చిరగడం మొదలైంది, చూ, ము, నాయి, చెవి, ఏదో అంటోంది, వినబడక ఇంకా గట్టిగా అదుముకున్నాడు, ఎంత చిరిగితే అంత అదిమాడు, రెండో చెవి మూసుకున్నాడు, కళ్లు మూసుకున్నాడు, ఒక్క ముక్క కూడా బయటికి పోకూడదని తల వంచి భుజం ఎత్తి ఆ గొంతు చుట్టూ ముడుచుకున్నాడు. అమ్మ మంచిగున్నది బిడ్డా, పండుకున్నట్టే ఉన్నది, ఏడ్వకు, సందు దొరికింది గదా, సూడు, సూడు, అన్నాడు. ఆయన అన్ని మాటలు ఒక్కసారి అనడం అంతకు ముందెప్పుడూ ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. ఎంత సేపో. చాయ్ పళ్లెం పట్టుకొని వచ్చిన దోర్కా ఒక్క కేక పెట్టింది.

"బావా! చెవి కాడ వెట్టుకున్నవేంది! దాన్ని అక్క దిక్కు తిప్పు! బావా, అది సూసేది!"

పళ్లెం కింద పడింది. ఆయన ఫోన్ తీసి చూశాడు. తెరలో బిడ్డ ఉంది. గళ్లు లేవు. తెల్లటి కిటికీ ముందు, ఎర్ర టోపీ, ముక్కు కొస ఎర్రగా, నోరు తెరిచి, చెయ్యి తెర వైపు చాచి ఉంది. కదలడం లేదు. డబ్బా మీదికి వంగి అద్దానికి ఆనించాడు, అటు తిప్పి, ఇటు తిప్పి, ఏ వైపు కన్నో తెలియక రెండు వైపులా చూపించాడు, దోర్కా లాక్కొని చూపించింది, చాచిన చెయ్యి చాచినట్టే ఉంది. తర్వాత అది కూడా పోయింది. నల్లటి గాజు. అందులో దానమ్మది కాదు, తన ముఖం.

కాసేపటికి బిడ్డ మాట వచ్చింది, రాతలో. దోర్కా కూడబలుక్కుని చదివింది. నాయిన చెవి కనబడ్డది పిన్నీ, చెవి, తెల్ల ఎంటికలు. సందు మొత్తం గదే. మళ్లొకటి వస్తుంది, పెద్దది. పోవడానికి ఎంత సేపో చెప్పలేను. నాయినను ఏమనకు.

దోర్కా ఫోన్ ఆయన చేతిలో పెట్టి, కింద పడ్డ పళ్లెం తీసింది. ఎవరైనా ఏమన్నా అంటే బాగుండేది. దానమ్మ ఉంటే అనేది, ఊరంతా వినబడేటట్టు తిట్టిపోసేది, ఇన్నేండ్ల నుంచి నోరు మూసుకొని ఇయ్యాల్నే మాట్లాడబుద్ధయిందా నీకు అని, ఆ తిట్టు కోసం ఆయన డబ్బా వైపు చూశాడు. బిక్షపతి మళ్లీ చేశాడు, అయ్యగారి ఫోన్‌కు. మోటరు తోడుతుంది గాని ఒక పక్క గోడ జారుతోందట, ఇప్పుడు తేకపోతే రేపటి మాటేనట, రేపు గుంతే ఉండదట. అయ్యగారు వచ్చి పక్కన కుర్చీలో కూర్చున్నాడు. శాంసన్ గారూ, నీళ్లలో దించడం నాకు ఇష్టం లేదు, ఇంకాస్త ఆగుదామంటే ఆగుదాం, మీ ఇష్టం, అన్నాడు. మీ ఇష్టం. ఒక దిక్కు బిడ్డ చాచిన చెయ్యి. ఒక దిక్కు గోడ కూలిన గుంతలో బురద నీళ్లు. ఆగితే ఆ పెద్ద ముక్క పోతుందా, పోయినా దాని వెనక ఇంకోటి ఉండదా, ఎండ కొడుతూనే ఉంటుంది, నాలుక సాగుతూనే ఉంటుంది, తెగుతూనే ఉంటుంది, వాటికి దానమ్మ ఎవరో తెలుసా, కీర్తన ఎవరో తెలుసా. దాన్ని చదివిన పిల్లే చెప్పలేనన్నది. దోర్కా ఆయన చెయ్యి పట్టుకుంది, బావా ఆగుదాం బావా, జరసేపు, పిల్ల సచ్చిపోతది. ఆయన ఆగాడు. తెర వైపు చూశాడు. నల్లగా ఉంది. ఇంకా చూశాడు. బయట బండ్లు పక్కకు జరుపుతున్నారు, ఎవరో దగ్గారు, డప్పు ఆగి మళ్లీ మొదలైంది. గొట్టం పగిలితే షెడ్డులో ఒక చిన్న చప్పుడు వచ్చేది, అప్పటిదాకా ఉన్న ఎరుపు ఎటు పోయిందో తెలిసేది కాదు.

"మూయున్రి" అన్నాడు.

మళ్లీ అడిగించుకోలేదు. దానమ్మను పెట్టెలోకి మార్చేటప్పుడు తల కింద తనే చెయ్యి పెట్టాడు. మూత పడే వరకు ఫోన్ జేబులో మోగుతుందేమోనని రొమ్ముకు అదుముకున్నాడు. మోగలేదు. మేకులు కొట్టేటప్పుడు మోగలేదు. సమాధుల తోటలో అయ్యగారి ప్రార్థన అయ్యేదాకా మోగలేదు. మోటరు ఆపాక గుంత అడుగున నీళ్లు మళ్లీ చేరాయి, పెట్టె దిగినప్పుడు చప్పుడైంది. ఆ చప్పుడు ఆయన విన్నాడు. అందరూ పిడికెడు మన్ను వేశారు, మన్ను కాదది, అడుసు. చేతికి అంటుకొని రాలలేదు. బిక్షపతి తన చేత్తో ఆయన వేళ్లు తుడిచాడు, చిన్న పిల్లవాడికి తుడిచినట్టు.

తెల్లారి, ఇంకా షామియానా విప్పకముందే, ఫోన్ మోగింది. రంజిత్ అందుకొని, అక్కా అని ఏడ్చి, ఆయన చేతికిచ్చాడు. తుఫాను తీసిందట. తెరలో బిడ్డ ముఖం ఉబ్బి ఉంది, ఒక్క గడి కూడా లేదు, రెప్పల మీది తడి కూడా కనబడుతోంది. ఆయన ఈసారి తెరను ముఖానికి ఎదురుగానే పట్టుకున్నాడు. తర్వాత బిడ్డ, అమ్మ ఎట్లుండె నాయినా అని అడిగింది.

ఆయన షామియానా కింద మెట్టు మీద కూర్చున్నాడు. నుదురు దగ్గర మొదలుపెట్టాడు. నుదురు నున్నగయింది, గీతలు పోయినయి, పెండ్లినాడు ఉన్నట్టు. ఎడమ కనుబొమ్మల ఆ కాలిన మచ్చ ఎరుగుదువు గదా, అది నల్లబడ్డది. కండ్లు అని బిడ్డ అడిగింది. కుడి కన్ను మూతవడలే, నేను వేలు పెట్టి మూసిన, మళ్ల జరంత తెరుసుకున్నది. ముక్కుల దూది వెట్టనియ్యలేదు. నోరు, అన్నది. మూసుకుని లేదు బిడ్డా, దోర్కా గుడ్డ కట్టింది గాని నిలువలే, కింది పన్ను ఒకటి కనబడ్డది, ఆ వంకర పన్ను. నీ పేరు అంటున్నట్టు లేదు, ఏమీ అంటున్నట్టు లేదు, నేను సూసిన, ఊకెనే తెరిసి ఉన్నది. ఆగాడు. రంజిత్ నీళ్ల గ్లాసు పట్టుకొచ్చి పక్కన పెట్టి, లోపలికి పోయాడు.

ఇంకా, అన్నది బిడ్డ.

ఆయన ఒక గుక్క తాగి, గడ్డం దగ్గరికి వచ్చాడు.